సెగ్గడ్డలు, చీము, మందులకు లొంగని స్టాఫ్ బాక్టీరియా: అందరూ నన్ను అడిగే ప్రశ్నలు

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. సూటిగా చెప్పాలంటే జనం చీములోని బాక్టీరియాను ప్లేట్లలో, అంటే దానికి మేత పోసిన గుండ్రటి పళ్ళేల్లో, పెంచడం నా ఉద్యోగం. ఈ మాట పెళ్ళి భోజనాల్లో చెప్తే పక్కన కూర్చున్నవాళ్ళు విస్తరి కాస్త అవతలికి జరుపుకుంటారు గానీ, మర్నాటికి వాళ్ళే వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో పెట్టి "ఇదేంటో కొంచెం చూడమ్మా" అంటారు. అలా పదేపదే అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను ప్లేట్లు చదివేదాన్ని, వైద్యం చేసే డాక్టర్ని కాదు. కాబట్టి ఏ మందు ఎంత డోసులో అన్నది మిమ్మల్ని కళ్ళతో చూసిన డాక్టరే చెప్పాలి.

ఎంఆర్ఎస్ఏ అంటే ఏంటి? కొత్త రోగమా?

కొత్తదీ కాదు, రోగమూ కాదు, ఒక బాక్టీరియా. స్టాఫిలోకాకస్ ఆరియస్ అని పేరు, మేం ముద్దుగా స్టాఫ్ అంటాం. మైక్రోస్కోపులో ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది, ప్లేటు మీద లేత బంగారు రంగులో పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనే పది మందికి ముగ్గురి ముక్కులో ఇది హాయిగా కాపురం ఉంటుంది. చర్మం ఎక్కడో గీసుకుపోతేనో, వెంట్రుక కుదురు మూసుకుపోతేనో లోపలికి దూరి గడ్డ కడుతుంది.

పెన్సిలిన్ వచ్చిన కొన్నేళ్ళకే ఇది దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేసుకుంది. ఆ ఎంజైమ్‌కు చిక్కకుండా మెథిసిల్లిన్ అనే మందు 1959లో తెచ్చారు. 1961కల్లా బ్రిటన్‌లో దానికీ లొంగని స్టాఫ్ దొరికింది, అంటే రెండేళ్ళు పట్టిందన్నమాట. ఆ లొంగని రకమే ఎంఆర్ఎస్ఏ, అంటే మెథిసిల్లిన్ రెసిస్టెంట్ స్టాఫిలోకాకస్ ఆరియస్.

ఎలా తప్పించుకుందంటే, బాక్టీరియా చుట్టూ ఉండే గోడను కట్టే ప్రొటీన్లను మేస్త్రీలనుకోండి. పెన్సిలిన్ కుటుంబం మందులు వెళ్ళి ఆ మేస్త్రీల చేతులు పట్టుకుంటాయి, గోడ లేవదు, బాక్టీరియా పగిలి చస్తుంది. ఎంఆర్ఎస్ఏ మెక్‌ఏ అనే జన్యువు సంపాదించి ఇంకో మేస్త్రీని పెట్టుకుంది. అతని చేయి ఈ మందుల పట్టుకు చిక్కదు. మీరు మాత్ర మీద మాత్ర వేసుకుంటున్నా లోపల గోడ లేస్తూనే ఉంటుంది.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నెట్‌వర్క్‌లోని పెద్ద ఆసుపత్రుల లెక్కల్లో స్టాఫ్ నమూనాల్లో ఎంఆర్ఎస్ఏ వాటా 40 శాతం దాటింది. అవి పెద్ద ఆసుపత్రుల లెక్కలు, మీ వీధిలో ప్రతి గడ్డా అంతే అనుకోనక్కర్లేదు.

నేను జన్మలో మెథిసిల్లిన్ వాడలేదు. మరి దానికి లొంగకపోతే నాకేంటి?

ఇప్పుడు ఎవరూ వాడరు. పేరు మాత్రం అలా ఉండిపోయింది. ల్యాబ్‌లో మేం సెఫాక్సిటిన్ అనే మందు పూసిన చిన్న కాగితపు బిళ్ళను ప్లేటు మీద పెడతాం. మర్నాడు ఆ బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని గుండ్రటి ఖాళీని స్కేలుతో కొలుస్తాం. 22 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటే మామూలు స్టాఫ్. 21, అంతకంటే తక్కువ ఉంటే ఎంఆర్ఎస్ఏ. ఒక్క మిల్లీమీటరు తేడా. సరిగ్గా ఆ గీత మీద వచ్చినప్పుడు ఇంకొకరిని పిలిచి కొలిపిస్తాను.

రిపోర్టులో సెఫాక్సిటిన్ ఎదురుగా 'ఆర్' (లొంగదు అని) ఉందంటే అమాక్సిసిలిన్, అమాక్సిక్లావ్, క్లాక్సాసిలిన్, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్, ఆఖరికి వేలు పోసి కొనే మెరోపెనమ్ సూది కూడా ఈ బాక్టీరియా మీద దండగే. ఖరీదైన మందు కాబట్టి గట్టిగా పనిచేస్తుంది అన్నది ఇక్కడ చెల్లదు.

గడ్డ లేచింది, ఏ యాంటీబయాటిక్ వేసుకోవాలి?

అందరూ మొదట అడిగేది ఇదే, నాకు ఒళ్ళు మండేదీ ఇదే. చీము పట్టిన గడ్డకు మొదటి మందు కత్తి. మాత్ర తర్వాత.

చీము సంచిలోకి రక్తం వెళ్ళదు, రక్తం వెళ్ళనిచోటికి మాత్ర ఎలా వెళ్తుంది? పైగా గడ్డకు కొత్తగా చీము పట్టిందంటే అందులో కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటుంది. డాక్టరు మత్తు సూది వేసి, కోత పెట్టి, లోపలి అరలన్నీ విడదీసి చీము మొత్తం బయటికి తెస్తే సలుపు ఆ పూటే సగం తగ్గుతుంది. పెద్ద గడ్డయితే లోపల వత్తి పెట్టి కట్టు కడతారు.

మా బావగారి సంగతి చెప్తాను. వీపు మీద గడ్డ, షుగర్ ఉన్న మనిషి. మెడికల్ షాపులో అడిగి సెఫిక్సిమ్ మూడు రోజులు, తగ్గలేదని అజిత్రోమైసిన్ మూడు రోజులు, ఎవరో చెప్పారని సిప్రోఫ్లాక్సాసిన్ నాలుగు రోజులు, మధ్యలో అక్క పెట్టిన బెల్లం సున్నం పట్టీ. పదో రోజున నాకు ఫోన్. వెళ్ళి చూద్దును కదా, అరచేతి అంత మేర ఎర్రగా గట్టిపడి, నాలుగు చోట్ల తూట్లు పడి, ఒత్తకుండానే చీము వస్తోంది. ఇలా పలు నోళ్ళు తెరిచిన గడ్డనే పాతవాళ్ళు రాచకురుపు అనేవారు. సర్జన్ దగ్గర కోయించాక నెలన్నర కట్లు. మొదటి రెండు రోజుల్లో వెళ్ళుంటే అరగంట పని. ఆయన వాడిన మూడు మందుల్లో ఒక్కటీ ఆ బాక్టీరియా మీద పనిచేయదని నా ప్లేటే చెప్పింది, నేను చెప్పినా వినరు గానీ.

బఠాణీ గింజంత గడ్డయితే, జ్వరం లేకపోతే, గోరువెచ్చటి నీళ్ళలో శుభ్రమైన గుడ్డ ముంచి రోజుకు మూడు నాలుగుసార్లు పది నిమిషాల చొప్పున కాపడం పెట్టండి. చాలావరకు అదే నోరు తెరుచుకుని కారిపోతుంది. గోళ్ళతో నొక్కకండి, గుండుసూదితో పొడవకండి, ముక్కు చుట్టూ పైపెదవి మీద అసలే వద్దు, అక్కడి రక్తనాళాల్లో రక్తం లోపలికి, మెదడు వైపు వెళ్ళే దారి ఉంది.

కోసేశాక ఇంక మాత్రలు ఎందుకు?

చాలాకాలం డాక్టర్లలోనే దీని మీద వాదం నడిచింది. అమెరికాలో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చినవాళ్ళ మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, గడ్డ కోశాక కోట్రైమాక్సజోల్ ఇచ్చినవాళ్ళలో దాదాపు 80 శాతం మందికి నయమైంది, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్ళలో దాదాపు 74 శాతానికి. 2017లో ఇంకొకటి వచ్చింది, 5 సెంటీమీటర్లకు మించని గడ్డల మీద. మందు ఇచ్చినవాళ్ళకు 82, 83 శాతం, ఉత్తుత్తి మాత్రకు 69.

నాకు దీంట్లో రెండు విషయాలు కనిపిస్తాయి. మందు వల్ల లాభం ఉంది, అది నిజం. కానీ ఏ మందూ లేకుండా ఒట్టి కోతతోనే నూటికి డెబ్భై మందికి తగ్గింది, అదీ నిజమే. కాబట్టి చిన్న గడ్డ, ఆరోగ్యంగా ఉన్న మనిషి అయితే మాత్రలు వద్దని డాక్టరు అంటే "ఏం డాక్టరండీ, మందే రాయలేదు" అనుకోవద్దు. షుగర్, జ్వరం, చుట్టూ ఎర్రదనం పాకడం, ముఖం మీదో మర్మస్థానంలోనో గడ్డ, పసిపిల్లలు, ముసలివాళ్ళు, ఇలాంటప్పుడు మాత్రలు తప్పవు. మామూలుగా 5 నుంచి 10 రోజులు.

సరే, ఎంఆర్ఎస్ఏ మీద ఏ మాత్రలు పనిచేస్తాయి?

చిత్రమేంటంటే పనిచేసేవాటిలో ఎక్కువ పాతకాలపు, చవక మందులే.

కోట్రైమాక్సజోల్, మన ఇళ్ళలో సెప్ట్రాన్ అంటే తెలుస్తుంది. మంచి మందు, కానీ సల్ఫా పడనివాళ్ళు ముట్టుకోకూడదు. వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు గానీ నోట్లో పుళ్ళు గానీ వస్తే వెంటనే ఆపేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, ప్రాణం మీదికి రావచ్చు. ఇంకోటి ఎవరూ అడగరు, మీరే చెప్పాలి: బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మాత్ర వాడుతున్నా, కిడ్నీ సమస్య ఉన్నా దీనితో రక్తంలో పొటాషియం పెరగొచ్చు. మెథోట్రెక్సేట్, వార్ఫరిన్ వాడేవాళ్ళూ చెప్పి తీరాలి. నెలలు నిండుతున్న గర్భిణులకు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళకు ఇది కాదు.

డాక్సీసైక్లిన్. పెద్ద గ్లాసు నీళ్ళతో మింగి అరగంట అయినా నిటారుగా ఉండాలి. పక్క మీద వాలుతూ గుటుక్కున మింగితే గొంతులో ఇరుక్కుని పుండు చేస్తుంది. పాలు, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేస్తే ఒంటికి పట్టదు. ఎండలో చర్మం కమిలిపోతుంది, మన మే నెలలో మరీనూ. గర్భిణులకు ఇవ్వరు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు.

క్లిండామైసిన్ చర్మంలోకి బాగా వెళ్తుంది, కానీ దీనికి రిపోర్టులో ఒక మెలిక ఉంది, కింద చెప్తాను. నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే ఆపి డాక్టరుకు చెప్పండి, విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేయకండి.

లినెజోలిడ్. మాత్ర అయినా సూదితో సమానంగా పనిచేస్తుంది, అందుకే నాకు భయం. ఇది మొండి టీబీకి కూడా వాడే మందు. సెగ్గడ్డకు మొదటిరోజే ఇది రాస్తున్నారంటే ఎందుకో ఒకసారి అడగండి. రెండు వారాలు దాటితే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, అంతకాలం వాడితే వారం వారం రక్తపరీక్ష కావాలి. డిప్రెషన్‌కు ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు ఆ సంగతి దాచుకోవద్దు, రెండూ కలిస్తే ప్రమాదం.

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ సంగతి అడగకండి. మా ప్లేట్ల మీద వాటి బిళ్ళల చుట్టూ స్టాఫ్ పచ్చిక పెరిగినట్టు పెరుగుతుంది. రిఫాంపిసిన్ ఒక్కటే ఇస్తే బాక్టీరియా రోజుల్లో దాన్ని గెలిచేస్తుంది, దాన్ని టీబీకి వదిలేద్దాం.

రిపోర్టులో ఎస్, ఆర్, అంకెలు... ఎలా చదవాలి?

ఎస్ అంటే ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఐ అంటే డోసు పెంచితేనో, మందు బాగా చేరే చోటయితేనో లొంగొచ్చు. పక్కన ఉండే ఎంఐసీ (బాక్టీరియా పెరగకుండా ఆపడానికి కనీసం ఎంత మందు కావాలో చెప్పే కొలత) అంకెలు చూసి, అన్నిటికంటే తక్కువ అంకె ఉన్నది మంచి మందు అనుకోకండి. ఒక్కో మందుకు ఒక్కో కొలత. వంకాయ కిలో ధరనూ బంగారం గ్రాము ధరనూ పోల్చినట్టు ఉంటుంది.

ఇక క్లిండామైసిన్ మెలిక. కొన్ని స్టాఫ్‌లు ఒంటరిగా పరీక్షిస్తే క్లిండామైసిన్‌కు లొంగినట్టే నటిస్తాయి. ఎరిత్రోమైసిన్ బిళ్ళను పక్కన పెట్టామనుకోండి, ఆ వాసన తగిలిన వైపు ఒక్కసారిగా ధైర్యం వచ్చి పెరిగేస్తాయి. గుండ్రంగా ఉండాల్సిన ఖాళీ ఆ వైపు చదునుగా కోసినట్టు, ఇంగ్లిష్ డీ అక్షరంలా కనిపిస్తుంది. దీన్నే డీ టెస్ట్ అంటాం. పాజిటివ్ అయితే క్లిండామైసిన్ నమ్ముకోవద్దు. ఎన్నేళ్ళుగా చూస్తున్నా పొద్దున్నే ప్లేటు మూత తీసి ఆ డీని చూడటం నాకు సరదాగానే ఉంటుంది.

చీము టెస్టుకు ఎలా ఇవ్వాలి?

యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు. ఇది ఒక్కటి చేస్తే మా పని సగం తేలిక. పైన కారినదాన్ని దూదితో తుడిచి పంపితే మీ చర్మం మీద ఊరికే ఉండే బాక్టీరియా అంతా పెరిగి కూర్చుంటుంది. కోత పెట్టేటప్పుడు లోపలి చీమును సిరంజితో తీసి, శుభ్రమైన సీసాలో వేసి, ఆ రోజే ల్యాబ్‌కు చేర్చాలి. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. "గంటలో రాదా?" అని అడుగుతారు. బాక్టీరియా పెరగాలి కదండీ.

చీము లేదు, కాలు మొత్తం ఎర్రగా వాచి కాలిపోతోంది. ఇదీ ఎంఆర్ఎస్ఏనా?

చాలావరకు కాదు. చీము లేకుండా ఎర్రదనం పాకుతుంటే అది సెల్యులైటిస్, ఎక్కువసార్లు స్ట్రెప్టోకాకస్ అనే వేరే బాక్టీరియా పని. ఇందులో మంచి వార్త ఏంటంటే గొంతునొప్పి తెప్పించే ఆ గ్రూప్ ఏ స్ట్రెప్ మీద పెన్సిలిన్ ఇప్పటికీ పనిచేస్తోంది. అందుకే ఇక్కడ అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ లాంటివి సరైన మందులే, పైన తిట్టానని వద్దనకండి.

బోదకాలు ఉన్నవాళ్ళకు, గోదావరి జిల్లాల్లో అయినా నల్గొండ వైపు అయినా, ఏడాదికి నాలుగైదుసార్లు చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రగా పొంగడం చూస్తుంటాం. అలా తిరగబెట్టేవాళ్ళకు పెన్సిలిన్ నెలల తరబడి ఇచ్చే పద్ధతి ఉంది, డాక్టరును అడగండి. రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, అక్కడి పాచిన చర్మాన్ని బాగుచేసుకుంటే ఆ జ్వరాలు తగ్గుతాయి.

ఒక చిట్కా: ఎర్రదనం అంచు వెంట పెన్నుతో గీత గీసి టైము రాయండి. గీత దాటి ఎంత పాకిందో డాక్టరుకు చూపిస్తే ఆయన పని సులువవుతుంది.

ఆయింట్‌మెంట్ రాస్తే సరిపోదా?

పిల్లల ముక్కు కింద తేనె రంగు పెచ్చులు కట్టే పుళ్ళు నాలుగైదే ఉంటే మ్యుపిరోసిన్ గానీ ఫ్యూసిడిక్ యాసిడ్ గానీ చాలు. లోతు గడ్డకు పైపూత పనిచేయదు.

మెడికల్ షాపుల్లో అమ్మే నాలుగు మందుల కలగూరగంప క్రీములున్నాయే, వాటిలో చాలావాటిలో క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. రాయగానే ఎర్రదనం, దురద మాయం, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పండగ చేసుకుంటుంది. ట్యూబు వెనక పేర్లు చదవండి.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి?

పైకి కనిపించే దానికంటే నొప్పి విపరీతంగా ఉంటే, గంటల్లో పాకుతుంటే, చర్మం నల్లబడినా నీటిబుడగలు లేచినా, చలిజ్వరంతో మనిషి మత్తుగా అయిపోతున్నా, కంటి చుట్టూ వాచినా అర్ధరాత్రి అయినా బయల్దేరండి. షుగర్ ఉన్నవాళ్ళ పాదం పుండు వాసన వస్తే అదీ అంతే. పాదం పుళ్ళలో స్టాఫ్ ఒక్కటే కాదు, సూడోమొనాస్, ఈ కోలై లాంటివీ కలిసి ఉంటాయి కాబట్టి మందుల లెక్క మారుతుంది.

అక్కడ ఏం ఎక్కిస్తారు?

ఎక్కువగా వాంకోమైసిన్. 1950ల్లో బోర్నియో నుంచి తెచ్చిన మట్టిలో దొరికిన మందు, ఇంకా దీనిదే పెద్దపీట. కనీసం గంటసేపు నెమ్మదిగా ఎక్కించాలి, త్వరగా ఎక్కిస్తే ముఖం, మెడ ఎర్రబడి దురద పెడుతుంది. అది చూసి అలర్జీ అని భయపడతారు, చాలాసార్లు వేగం తగ్గిస్తే పోతుంది. కిడ్నీల మీద కన్నేసి ఉంచుతారు. దీనికి బదులు టీకోప్లానిన్, డాప్టోమైసిన్, లినెజోలిడ్ కూడా వాడతారు. మన దేశంలోనే తయారైన లెవోనాడిఫ్లాక్సాసిన్‌కు 2020లో ఇక్కడ అనుమతి వచ్చింది, సూదిగానూ దాని జోడు మందు మాత్రగానూ ఉంది. అది ఆఖరి అరలో దాచుకోవాల్సిన మందు.

ఒకటి తగ్గితే ఇంకొకటి లేస్తోంది. ఇంట్లో అందరికీ!

ముందు షుగర్ టెస్ట్ చేయించండి. తర్వాత ముక్కు. డాక్టరు చెప్తే మ్యుపిరోసిన్ రోజుకు రెండుసార్లు ముక్కు లోపల 5 రోజులు, అదే రోజుల్లో క్లోర్‌హెక్సిడిన్‌తో స్నానం, వీలైతే ఇంట్లో అందరూ ఒకేసారి. తువ్వాలు, రేజరు, లుంగీ ఎవరివి వాళ్ళవే. ఒక తువ్వాలుతో ముగ్గురు తుడుచుకునే ఇంట్లో ఏ మందూ నిలవదు. చంకల్లో, గజ్జల్లోనే మళ్ళీ మళ్ళీ వచ్చి మచ్చలు, సొరంగాలు పడుతుంటే అది హైడ్రాడెనైటిస్ అనే వేరే జబ్బు కావచ్చు, చర్మం డాక్టరుకు చూపించండి.

మామిడిపళ్ళు తింటే సెగ్గడ్డలు వస్తాయా?

పండు పాపం చేయలేదు. పళ్ళ కాలంలోనే చెమట, చెమటకాయలు, గోకుడు కూడా ఉంటాయి. సొన అంటుకుని మూతి చుట్టూ కమిలితే మాత్రం దాంట్లోంచి స్టాఫ్ దూరొచ్చు. కడుక్కుని తినండి.

రెండు రోజుల్లో తగ్గిపోయింది, మాత్రలు ఆపేయొచ్చా?

డాక్టరుకు ఫోన్ చేసి అడగండి, ఒక్కోసారి ఆయనే ఆపమంటారు. ఈ జబ్బుకు ఎక్కువ రోజులు వాడితే ఎక్కువ మంచిదనేం లేదు. తప్పేంటంటే మిగిలిన నాలుగు మాత్రలు బీరువాలో దాచి, వచ్చే నెల పక్కింటి పిన్నిగారి గడ్డకు దానం చేయడం. మాత్రల షీటు మీద నిలువునా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని, 2016 నుంచి ప్రభుత్వం దాని మీద ప్రచారం కూడా చేసింది.

తప్పంతా జనానిదే అని నేనూ అనను. హైదరాబాద్ శివార్లలో పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు.

రిపోర్టులో "నో గ్రోత్" (ఏమీ పెరగలేదు) అని ఉంది, గడ్డ మాత్రం నెలల తరబడి కారుతూనే ఉంది. ఏంటిది?

ముందే యాంటీబయాటిక్ వాడి ఉంటే అలా రావచ్చు. కానీ సూది వేసిన చోటో, లాప్రోస్కోపీ కుట్ల చోటో కొన్ని వారాల తర్వాత మొదలై, ఏ మందుకూ మానకుండా నీళ్ళలాంటి చీము కారుతుంటే నా అనుమానం టీబీ కుటుంబానికి చెందిన మైకోబాక్టీరియా మీదికి వెళ్తుంది. అవి మామూలు ప్లేటు మీద రెండు రోజుల్లో కనిపించవు, మేం ప్లేటు పారేశాక ఎప్పుడో పెరుగుతాయి. అందుకని చీటీ మీద "చీము, కల్చర్" అని రెండు ముక్కలు రాసి పంపకుండా, ఎన్ని వారాల నుంచి ఉంది, అక్కడ సూది గానీ ఆపరేషన్ గానీ జరిగిందా, ఇప్పటిదాకా ఏ మందులు వాడారు అన్నది డాక్టరు చేత రాయించండి. ఆ ఒక్క లైను ఉంటే వేరే ప్లేట్లు తీసి, వాటిని వారాల తరబడి అట్టే ఉంచుతాం.